వాటాకొచ్చిన మబ్బు

పలాస వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ మా తెనాలిలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "జీడిపప్పు ఎంత తెచ్చావు?" అని. మబ్బుల్లో గాలి కొలవడానికి వెళ్లానన్నాను. "దానికి అంతదూరం ఎందుకు, మా డాబా మీద మబ్బుల్లేవా?" అంది పక్కింటావిడ. ఉన్నాయి. అవి ఆవిడ ఆరేసిన బట్టలు తడిపే మబ్బులు. నాకు కావలసినవి వాటికి చాలా పైన, పన్నెండు పదమూడు కిలోమీటర్ల ఎత్తున, ఏకిన దూదిలా పల్చగా కనబడే మబ్బులు. వాటిలో నీటిబొట్టు ఉండదు, అంతా మంచుపలుకులే. పుస్తకాల్లో సిర్రస్ అంటారు.

ఆ మబ్బులోపల గాలి పైకి లేస్తుంటే మంచు పుడుతుంది, కిందికి దిగుతుంటే నేరుగా ఆవిరైపోతుంది. మబ్బు పూటంతా ఉంటుందా, గంటలో మాయమవుతుందా, కింద మనకి ఎంత ఎండ చేరుతుంది అన్నదంతా ఆ లేవడం, దిగడం మీదే ఆధారపడి ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే ఆ కదలిక మరీ నెమ్మది. నేల మీద నిలబడి చూసి చెప్పగలిగేది కాదు.

నేను ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నలభై ఆరో ఏట ఈ మబ్బుల మీద పరిశోధనకు పేరు నమోదు చేయించుకున్నాను. "ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నవాళ్లకి నేనిచ్చిన జవాబులు రాస్తే ఈ పత్రికవాళ్లు వేసుకోరు.

నా పద్ధతి తేలికైనదే. బెలూన్‌కి చిన్న పెట్టె కట్టి వదులుతాను. పెట్టె సెకను సెకనుకీ గాలి ఒత్తిడి రాసుకుంటుంది, దాన్నిబట్టి ఎత్తు తెలుస్తుంది. కదలని గాలిలో నా బెలూన్ సెకనుకు అయిదు మీటర్లు లేస్తుందనుకోండి. మబ్బులో అయిదుంపావు లేచిందంటే, ఆ పావు బెలూన్‌ది కాదు, గాలిది. మబ్బు దాటి బాగా పైకెళ్లాక బెలూన్ ఉబ్బి పగిలిపోతుంది, పెట్టె పారాచూట్ మీద దిగుతుంది. మా గైడుకి ఈ పద్ధతి నచ్చలేదు. "మీరు కొలిచేది గాలినా, రబ్బరునా?" అనేవారు. వాదించి వాదించి ఆరు బెలూన్లు సంపాదించాను. మూడింటి పెట్టెలు దొరకనే లేదు. ఒకటి మబ్బు చేరకముందే పగిలింది. ఇంకొకటి బ్రహ్మాండంగా వెళ్లొచ్చింది గాని, ఆ రోజు మబ్బే లేదు. రేడియోలో కబురు పంపే ఖరీదైన పెట్టె కాదు నాది. తన కబురు తన చిప్‌లోనే దాచుకుంటుంది, పెట్టె దొరికితేనే లెక్క. "ఆరోది కూడా పోతే వేరే విషయం చూసుకోండి" అన్నారు గైడు. అంటే మూడేళ్ల పని చెత్తబుట్టలోకి.

పలాస: తూకపురాళ్లు

పలాస చుట్టుపక్కల ఈ ఉద్దానం ప్రాంతమే ఎందుకంటే, వానాకాలం చివర్లో ఇక్కడ కింది గాలి సముద్రం వైపు వీస్తుంది, పై గాలి సముద్రం మీంచి వెనక్కి వీస్తుంది. కింది గాలి తీసుకెళ్లిన బెలూన్‌ని పై గాలి తిరిగి తెచ్చి ఒడ్డుకి దగ్గర్లో పడేస్తుందని నా లెక్క.

పలాసలో దిగి సామాను చూసుకుంటే తూకపురాళ్ల సంచీ రైల్లోనే ఉండిపోయింది. రైలు ఇచ్ఛాపురం దారి పట్టింది. బెలూన్‌లో గ్యాస్ నింపేటప్పుడు దానికి బరువు కట్టి, లేవకుండా దిగకుండా నిలబడిందా లేదా చూడాలి. బరువు తేడా వస్తే వేగం తేడా వస్తుంది, మా గైడుకి మాట దొరుకుతుంది.

స్టేషన్ బయట ఆటో ఎక్కాను. డ్రైవర్ పేరు అప్పన్న. ఆ తర్వాత నాలుగు రోజులూ అతనే నా బండి, నా కూలీ, నా పరీక్షకుడు. నేరుగా జీడిపప్పు దుకాణానికి తీసుకెళ్లాడు. పలాసలో దిగినవాళ్లకి వేరే పని ఉంటుందని వాళ్లు అనుకోరు. కిలో నూట ఎనభై. మా తెనాలిలో అదే పప్పుకి ఇంకో యాభై గుంజుతారు, అందులో సగం ముక్కలు. అక్కడే నాకు ఉపాయం తట్టింది.

"పావుకిలో పొట్లాలు నాలుగు, వంద గ్రాములవి మూడు కట్టండి. ఒక్క పలుకు కూడా ఎక్కువ పడకూడదు" అన్నాను.

షావుకారు త్రాసు వదిలేసి నన్ను చూశాడు. "తక్కువ పడకూడదు అనేవోలున్నారు గాని, ఎక్కువొద్దనేవోలిని ఇదే సూడ్డం."

"తక్కువా పడకూడదు."

"అద్గదీ, ఇప్పుడు సెప్పినారు మా గిరాకీ మాట."

టెక్కలి: ఎగిరింది

మర్నాడు టెక్కలిలో తెలిసినవాళ్ల స్కూలు ఆవరణలో బెలూన్ నింపాం. అప్పన్న దాని మెడ పట్టుకున్నాడు, నేను పొట్లాలు ఒక్కొక్కటే కట్టాను.

"జీడిపప్పు ఆకాశానికి పంపిత్తన్నారేటి మేడమ్? పైనెవులు తింతారు?"

"మాట్లాడకుండా పట్టుకో. నీ ఊపిరికి ఊగుతోంది."

"ఊపిరి ఆపీమంటారేటి?"

పొట్లాలతో బెలూన్ గాలిలో నిలబడింది. లేవలేదు, దిగలేదు. పొట్లాలు విప్పి, వాటికన్నా తేలికైన పెట్టె, నారింజరంగు పారాచూట్ గుడ్డ కట్టి వదిలాను. మధ్యాహ్నం మూడు. పైన నాక్కావలసిన మబ్బు సరిగ్గా పరుచుకుని ఉంది, ఇన్ని నెలలుగా నన్ను ఏడిపించిన మబ్బు. దుర్భిణీలో చూస్తూనే ఉన్నాను. తూర్పుకి పోయింది, చిన్న చుక్కయింది, మెల్లగా వెనక్కి తిరిగింది, ఆ తెల్లదనంలో కలిసిపోయింది. అప్పన్న నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడు పప్పు తినొచ్చా మేడమ్?"

ఇద్దరం కూర్చుని తూకపురాళ్లు తినేశాం.

సంతబొమ్మాళి దాటాక

నా లెక్క ప్రకారం పెట్టె సంతబొమ్మాళి అవతల తీరం మీద ఎక్కడో పడాలి. మూడో రోజు తెల్లవారగానే బయల్దేరాం. వరిచేలు అయిపోయాయి, కొబ్బరితోటలు, జీడితోటలు వచ్చాయి. దారిలో బొండాం మూడు రూపాయలు. కొట్టిచ్చినావిడ, తాగాక లేత కొబ్బరి గీసి చేతిలో పెట్టి, "తినీమ్మా, దానికి డబ్బుల్లేవు" అంది. మా వైపయితే గీసినందుకు అర్ధరూపాయి వేస్తారు.

ఎక్కడ ఆగినా నా ప్రశ్న ఒకటే: ఆకాశం నుంచి పెట్టె పడిందా? ఒక రైతు ఇచ్చిన జవాబు: "ఆకాశం నుంచి ఇక్కడ తుపాను తప్ప మరేటీ పడదమ్మా." రెండు బెస్తపల్లెలు చూశాం, లేదు. ఎండ నెత్తికొచ్చింది. మూడో పల్లెలో ఇసుక మీద ఎండబెట్టిన చేపలు కనబడ్డాయి. వాటి మీద కాకులు వాలకుండా కప్పిన గుడ్డ నారింజరంగులో ఉంది.

ఆటో ఆగకముందే దూకాను. మోకాలు చెక్కుకుపోయింది.

"ఈ గుడ్డ మీకెక్కడిది?"

చేపలు తిరగేస్తున్న ముసలావిడ తల కూడా ఎత్తలేదు. "వల్లోకొచ్చినాది."

"ఇది నాది!"

"వల్లోకొచ్చినాక నీదేటి, నాదేటి తల్లీ? వాటాలేసీసినాం."

గవర్నమెంటు తాడట్టిందేటి?

సంగతి ఇదీ. ఆ ఊళ్లో రోజు విడిచి రోజు పొద్దున్నే ఒడ్డునుంచి పెద్దవల లాగుతారు. అటు పదిమంది, ఇటు పదిమంది తాళ్లు పట్టుకుని. వలలో ఏది వచ్చినా తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా. ఆ పొద్దున చేపలతోబాటు నా పెట్టె వచ్చింది. వాళ్లు దాన్నీ చేపలాగే విప్పి, వాటాలు వేసుకున్నారు. పారాచూట్ గుడ్డ ఒకరికి, దారం వల కుట్టుకోవడానికి ఇంకొకరికి, థర్మోకోల్ పెట్టె వలకి తేలుడుబద్దగా మరొకరికి, బ్యాటరీ రేడియో ఉన్న ఇంటికి. పెట్టె మీద నేను అందంగా రాసిన చిరునామా సముద్రంలో కొట్టుకుపోయింది.

వలపెద్ద గురయ్యకి అరవై ఏళ్లుంటాయి. పాక నీడలో కూర్చుని వల అల్లుతున్నాడు. ఆయన ముందు నిలబడి నా గొంతు ఎంత లేస్తుందో అంతా లేపాను.

"అది గవర్నమెంటు సొమ్ము, తెలుసా?"

"గవర్నమెంటు తాడట్టిందేటి?" అన్నాడు, సూది ఆపకుండా.

అప్పన్న మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. నేను చూశాను.

"అసలది ఏటి సేత్తాదమ్మా?" అన్నాడు గురయ్య. కోపంగానే చెప్పాను: బెలూన్, మబ్బు, అయిదు మీటర్లు, పావు. ఆయన చెయ్యి ఆగింది. పైకి చూశాడు. నిన్నటి మబ్బు తునకలు ఇంకా ఉన్నాయి. "చిరిగిన వల్లాగ ఉంటాది, అదేనా?" అన్నాడు. అదేనన్నాను.

"మరి తల్లీ, ఏట్లో పడవెల్తంది. ఒడ్డునున్నోడు జోరు సూత్తాడు. అందులో తెడ్డు జోరెంత, నీటి జోరెంత, ఆడికెలగ తెలుత్తాది?"

మా గైడు అడిగిన ప్రశ్నే. గైడుకి యూనివర్సిటీ జీతమిస్తుంది, ఈయనకి ఎవరూ ఇవ్వరు.

"తెడ్డు వేసే చెయ్యి ఒకటే కాబట్టి" అన్నాను.

"సెయ్యి అలిసిపోదేటి?"

 పైకి పోయేకొద్దీ బెలూన్ ఉబ్బుతుంది, దాని నడక మారుతుంది. నిజమే. "మబ్బుకి కిందా కొలుస్తాను, మబ్బుకి పైనా కొలుస్తాను. అలుపెంతో ఆ రెండింటి మధ్య తెలుస్తుంది. మిగిలింది గాలిది."

ఆయన సూది మళ్లీ కదిలింది. "ఊఁ, అలగైతే కుదురుతాది" అన్నాడు. నాకు డాక్టరేట్ వచ్చినంత పనయింది. కాని పెట్టెలో చిప్ బిగించి ఉన్న పచ్చటి సర్క్యూట్ పలక ఏదని అడిగాను.

"ఆ పలక ఎవులికీ పనికిరాదని ఎవులూ తీసుకోనేదు. నూకమ్మ తీసుకున్నాది. దానికి ఏదిచ్చినా కాదనదు."

నూకమ్మ కడిగింది

నూకమ్మకి ముప్ఫైఅయిదేళ్లుంటాయి. రెండేళ్ల కింద మొగుడు జ్వరంతో పోతే, అతని తాడు తను పట్టుకుంది. ఆ ఊళ్లో తాడు పట్టిన ఆడది ఆమె ఒక్కతే. నేను వెళ్లేసరికి చోడి అంబలి, అదే మా వైపు రాగిజావ, తాగుతోంది. నాకూ ఒక గిన్నెడు పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి, అప్పుడు లోపలికెళ్లి ఊకకుండలోంచి నా పలక తీసింది. శుభ్రంగా మెరుస్తోంది.

"ఏం చేశావు దీన్ని?"

"కడిగీసినాను. తోట నూతి నుంచి మంచినీల్లు తెచ్చి మూడుపాల్లు."

"నీళ్లతోనా? కరెంటు వస్తువుని నీళ్లతో కడుగుతారా? బుద్ధుందా నీకు? మూడేళ్ల పని!"

ఇంకా చాలా అన్నాను, రాయను. ఆమె అంబలి గిన్నె కింద పెట్టి నన్ను సూటిగా చూసింది.

"మరెలగుంచుతారు? సంద్రంలో పడ్డ ఏ ఇనపముక్కనైనా మంచినీల్లతో కడక్కపోతే ఉప్పు తినీదూ? గాలం కడుగుతాం, మేకు కడుగుతాం, ఆయన గడియారం సంద్రంలో పడితే కడిగి ఊకలో పెట్టినాను. ఇప్పుడికీ తిరుగుతంది. మీరు సదువుకున్నోరు, ఉప్పుతో ఉంచీమంటారేటి?"

 తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కాకపోవచ్చు. ఉప్పునీట్లో పడ్డ పలకని వెంటనే మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టేదాకా కరెంటు ఇవ్వకూడదు, సరైన వైద్యం అదే. పాతికేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న నాకు అది ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఊళ్లో బ్యాటరీ పీకి రేడియోలో వేసుకోవడం కూడా నా పాలిట మేలే అయింది.

"తప్పు నాదే. పలక ఇయ్యి, వెళ్తాను" అన్నాను.

"ఇవ్వను."

డబ్బులిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంకా ఎక్కువ ఇస్తానన్నాను.

"అమ్మా, నువ్వు ఎల్లిపోతావు. ఎల్లుండి మల్లీ వలేత్తారు. వాటాల కాడ 'దానికొచ్చిన వాటా అది ఒగ్గీసుకున్నాది, దానికేల తాడు?' అంటారు. ఒక్కపాలి ఒగ్గీసుకుంటే సాలు. ఇది పోతే మా ఆయన తాడు పోతాది."

గురయ్య దగ్గరికి తిరిగొచ్చి అడిగాను, నిజమేనా అని. నిజమే. చేపలైతే అమ్ముకోవచ్చు గాని, వాటాకొచ్చిన వస్తువుని డబ్బుకైనా సరే వదిలేసుకున్నవాళ్లు తాడు వదిలేసినట్టే.

"ఇదెక్కడి కట్టుబాటు? వట్టి అన్యాయం! పనికిరాని ముక్క అంటగట్టి, అది ఇచ్చేస్తే తాడు లాక్కుంటారా?"

గురయ్య తాపీగా అన్నాడు, "ఆ కట్టుబాటే దానికి తాడిచ్చినాది తల్లీ. తాడట్టిన సెయ్యికి వాటా అన్నారు గాని, మగోడి సెయ్యని ఎవులూ అన్నేదు. మా వోలు ఎంత గోల సేసినా ఆ మాట మీదే నిలబెట్టినాను. ఇప్పుడు నీకోసరం ఆ మాట ఇరిసీమంటావేటి?"

వాదనలో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. ఆయన పేరు ఆ లిస్టులో రాసుకున్నాను.

చివరికి నూకమ్మే దారి చూపించింది. ఇవ్వడం కాదు, వాడుకోవడానికి పట్టుకెళ్లడం. ఎల్లుండి పొద్దున వల ఒడ్డుకి చేరేసరికి పలక ఆమె చేతిలో ఉండాలి. గురయ్య సాక్షి. పలకని పమిటచెంగులో చుట్టి ఆటో ఎక్కాను. పలాస చేరేదాకా అప్పన్నని ఒక్క గుంటలో కూడా పడనివ్వలేదు. పడిన ప్రతి గుంటకీ తిట్టాను.

మళ్లీ పలాస: వేడిగది

ఊక చాలదు. లోపలి తడి పూర్తిగా పోవాలి. జీడిపిక్కలు కొట్టి తీసిన పప్పుని, పొట్టు ఊడడానికి వేడిగదిలో ఆరబెడతారని అప్పన్న చెప్పాడు. అతని అక్క పార్వతమ్మ అలాంటి ఒక ఫ్యాక్టరీలో ఆ గది చూసుకుంటుంది. నాలుగో రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లాం. జీడిరసం మరకలతో ఆడవాళ్ల చేతులన్నీ నల్లగా ఉన్నాయి. నా పలక చూసి పార్వతమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"దీన్ని గుండులో పెట్టీమంటారా, బద్దలో పెట్టీమంటారా?"

విరగని పప్పు గుండు, విరిగింది బద్ద. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. చెయ్యి కాలేంత వేడా, ఎంతసేపు పెడతారు అని నేను వంద ప్రశ్నలు వేశాను.

"అమ్మా, పప్పు మాడితే మా కూలి కోత్తారు. మేం మాడనివ్వం" అంది ఆమె.

ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ గది బయట స్టూలు మీద కూర్చున్నాను. పొట్టు తీసే ఒకావిడ జాలిపడి, "లోపల మీవోలెవులైనా ఉన్నారేటమ్మా?" అని అడిగింది.

సాయంత్రం బజారులో కంప్యూటర్ నేర్పే చోట ఒక మిషను అద్దెకి తీసుకుని, నా వైరు పలకకి తగిలించాను. తెర మీద ఏమీ రాలేదు. వైరు పీకి మళ్లీ తగిలించాను. ఏమీ రాలేదు. అప్పన్న, "మేడమ్, ఆ కొస కంప్యూటర్‌కి పెట్టనేదు" అన్నాడు.

పెట్టాను. అంకెలు గడగడా వచ్చాయి. టెక్కలి నేల నుంచి మొదలై, ఒక్క సెకను కూడా పోకుండా. నేను ఏడ్చానని అప్పన్న అందరికీ చెబుతున్నాడట. జీడిరసం కళ్లలో పడింది.

గీత గీసి చూశాను. మబ్బు కింద బెలూన్ నడక ఒకటే తీరు. మబ్బుపైనా ఒకటే తీరు, కాస్త మారిన తీరు, గురయ్య చెప్పిన అలుపు అంతే. మధ్యలో, మంచుమబ్బు లోపల ఏడు నిమిషాలపాటు గీత తొణికింది. మబ్బు అడుగున గాలి లేస్తోంది, పైభాగంలో దిగుతోంది. లేచిన చోట సెకనుకు మూరెడు లోపే. చిన్నపిల్ల మెట్టు ఎక్కినంత నెమ్మది. ఆ మూరెడు కోసమే ఆరు బెలూన్లు.

చుక్కల ప్రింటరు మీద రెండు ప్రతులు తీయించాను. అంకెలు ఫ్లాపీలోకి ఎక్కించాను. ఆ పూట నేను తిన్న భోజనం పదిహేను రూపాయలు. కూర ఏమిటో గుర్తులేదు గాని, అంత రుచైన భోజనం మళ్లీ తినలేదు.

తాడు

అయిదో రోజు పొద్దెక్కుతుండగా పల్లె చేరాం. వల అప్పటికే సగం ఒడ్డుకొచ్చింది. నూకమ్మ తాడు మీద ఉంది, కళ్లు మాత్రం రోడ్డు మీద. పలక పైకెత్తి చూపిస్తూ ఇసుకలో పరిగెత్తాను. వయసుకి తగని పరుగు, చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది.

"తెచ్చీసినావా!" అంది, అంతే. చేతులు ఖాళీగా లేవు. పలకని నేనే ఆమె బొడ్డులో దోపాను. ఇటువైపు తాడు మీద ఒకతను రాలేదట, చోటు ఖాళీగా ఉంది. గురయ్య కేకేశాడు.

"సూత్తావేటి తల్లీ, తాడట్టు!"

పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి. మా గైడు చూస్తే బాగుండేదనిపించింది, ఎందుకో.

వాటాల దగ్గర నూకమ్మ వంతు వచ్చినప్పుడు ఒకతను గొణిగాడు, "మొన్నటి వాటా ఒగ్గీసుకున్నాదట గదా." ఆమె బొడ్డులోంచి పలక తీసి అందరికీ కనబడేలా చేపల పక్కన పెట్టింది. గురయ్య అతని వైపు చూశాడు. అతను చేపల వైపు చూశాడు. ఆమె వాటా ఆమె గంపలో పడింది. 

కాగితం ఇసుక మీద పరిచి చూపించాను. "ఇందులో నా వాటా ఏది?" అంది నూకమ్మ. ఆమె వేలు పట్టుకుని తొణికిన గీత మీద పెట్టాను. మూరెడని చెబితే, మోచేతి నుంచి వేలి కొసదాకా తనే కొలుచుకుంది.

"ఇంతేనా?"

"అంతే. దీనికే మబ్బు నిలబడుతుంది."

ఆ కాగితం మడిచి, గడియారం ఉన్న డబ్బాలో పెట్టుకుంది.

అప్పుడు గురయ్య నా ముందు రెండు చేపలు పడేశాడు. మా ఇంట్లో గుడ్డు కూడా గుమ్మం దాటి రాదు. "నాకెందుకండీ" అనబోయి నూకమ్మ మొహం చూశాను. చుట్టూ తాడు పట్టినవాళ్లంతా చూస్తున్నారు. మాట మింగేసి కొంగు పట్టాను. పచ్చివి రైల్లో పాడైపోతాయని నూకమ్మ వాటికి బదులు తన ఎండుచేపలు అయిదు తాటాకులో కట్టిచ్చింది.

తిరుగు రైలు

కంపు నిజంగానే ఘోరం. తుని దాటేసరికి ఎదుటి సీటాయన కిటికీ తెరిచాడు, రాజమండ్రి వచ్చేసరికి పోట్లాటకి దిగాడు. చదువుకున్నవాళ్లు, వయసు వచ్చినవాళ్లు, ఇలాంటివి రైల్లో తేవచ్చునా అన్నాడు. ఏ రూలులో ఉందో చూపించమన్నాను. గంటసేపు హాయిగా పోట్లాడాను. వారం రోజుల్లో మొదటిసారి ఏ భయమూ లేకుండా పోట్లాడాను, ఫ్లాపీ నా బ్యాగులో భద్రంగా ఉంది.

ఆఖరికి అతను అలిసిపోయి, "అసలు తినేవారిలా కూడా లేరు. ఎంతకి కొన్నారేమిటి ఇవి?" అన్నాడు.

మండుతున్న అరచేతులు తెరిచి అతనికి చూపించాను.

"కొనలేదండీ. నా వాటా."